దీపం బొమ్మ వెనక ఉండాలి

తోలుబొమ్మకు వెలుగు వెనకనుంచి రావాలి. ఈ సంగతి అనంతపురం వైపు పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ధర్మవరం దగ్గర మా అవ్వ వాళ్ల ఊళ్లో వానలు మొహం చాటేసిన ఏడు ఆటగాళ్లను పిలిపించి రామాయణం ఆడించేవాళ్లు. తెల్లగుడ్డ తెర, దాని వెనక దీపాలు, కోడికూసే వేళ దాకా మా ఎత్తును మించిన బొమ్మలు. అదంతా చూసి పెరిగిన నేను ఢిల్లీ చేరి, మ్యూజియం గ్యాలరీలు డిజైన్ చేయడం వృత్తిగా పెట్టుకున్నాను. తోలుబొమ్మల గది ఒకటి నా చేతికి వచ్చినప్పుడు మాత్రం వాటిని తెల్లగోడకు బిగించి, ముందునుంచి లైటు వేశాను. దీని గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తెలుగు పిల్లలు ఢిల్లీలో, గురుగ్రామ్‌లో నాకు తరచూ కలుస్తున్నారు. వాళ్లకోసమైనా రాయాలి.

మ్యూజియం పేరు ఇక్కడ అక్కర్లేదు. రాజధాని ప్రాంతంలో ఒక ప్రైవేటు సంస్థది. గది ఎలా ఉండాలన్నది వాళ్లు నాకే వదిలేశారు కాబట్టి తప్పు పూర్తిగా నాదే. ఎప్పుడో వ్యాపారుల దగ్గర కట్టలుగా కొన్న ఆంధ్ర తోలుబొమ్మలు వాళ్ల సేకరణలో ఉన్నాయి. రిజిస్టరులో వాటి గురించి రాసింది ఒకే వరుస: తోలు, రంగులు, ఆంధ్ర. వాటిలో మంచివి అనిపించినవాటిని ఏరాను. గోడలకు తెల్లరంగు వేయించాను. బొమ్మకూ బొమ్మకూ మధ్య సమదూరం పాటించాను. ఎడమ కొసన రాముడు, కుడి కొసన పది తలల రావణుడు, ఇద్దరూ ఒకే అద్దాల పెట్టెలో ఎదురెదురుగా. పటం గీసినప్పుడే అది ఎంతో అందంగా కుదిరిందనిపించింది. ప్రారంభం రోజున వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు, పత్రికలవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. నేను నిజంగా సంతోషపడ్డాను.

తెల్లగోడ ఎందుకు? న్యూయార్క్‌లోని మోడర్న్ ఆర్ట్ మ్యూజియం 1930లలో స్థిరపరచిన అలవాటు అది. చిత్రపటం ఒక్కటే కనబడాలి, చుట్టూ ఇంకేమీ కనబడకూడదు. పటానికి అది సరిపోతుంది. అది గోడకోసమే పుట్టిన వస్తువు. తోలుబొమ్మ పుట్టుక వేరు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, అవతలి వెలుగు కనబడేంత పలచన అయ్యేదాకా సాగదీసి ఆరబెడతారు. బొమ్మ గీసి, రకరకాల ఉలులతో చిల్లులు కొడతారు. రెండు వైపులా రంగు వేస్తారు. భుజాలు, మోచేతులు, మోకాళ్లు కదిలేలా ముక్కలను కలిపి కడతారు. సీత మెడలోని హారాలు, వడ్డాణం, చీర అంచు, ఇవన్నీ చిల్లులే. వెనక దీపం ఉంటే ఒక్కో చిల్లు ఒక్కో రాయిలా మెరుస్తుంది. నేను ఆ తోలు వెనక తెల్ల అట్ట పెట్టాను. ఆ నగలన్నీ నా గదిలో బూడిదరంగు చుక్కలైపోయాయి. ఎర్రలు గోధుమరంగులోకి దిగిపోయాయి. నిలువెత్తు సీత ఎండిన చర్మంలా గోడను పట్టుకుని ఉండిపోయింది.

ఈ తేడా నాకు కనబడలేదా అని అడిగితే, కనబడింది. వస్తువుల రక్షణ చూసే కన్సర్వేటర్ రంగులద్దిన తోలు మీద 50 లక్సులకు మించి వెలుగు పడకూడదని చెప్పింది. వస్త్రాలకు, నీటిరంగు చిత్రాలకు లోకమంతా పాటించే హద్దే అది. ఆ హద్దును నేను సాకుగా వాడుకున్నాను. వెనకనుంచి మసకగా వెలుగిచ్చే ఏర్పాటుకు ఆలోచన కావాలి, పరీక్షలు కావాలి. ముందునుంచి ఒక చిన్న స్పాట్‌లైటుతో పని ముగుస్తుంది. గడువు దగ్గరపడింది. సులువైన దారి పట్టాను.

ఆ గదిలో డ్యూటీ చేసే గార్డు బిహార్ నుంచి వచ్చిన యువకుడు. మేం కాగితాల మీద ఊహించుకునే సందర్శకుణ్ణి అతను రోజంతా కళ్లారా చూస్తాడు. ప్రారంభం అయిన కొన్ని నెలలకు, ఏదో బల్బు మార్చాల్సి వచ్చి వెళ్లినప్పుడు, జనం ఏమంటున్నారని మొదటిసారి అతన్ని అడిగాను. ఈ గదిలో ఎవరూ ఎక్కువసేపు నిలబడరని చెప్పాడు. నిలబడ్డవాళ్లు మూడే అడుగుతారట: ఇది ఏ జంతువు తోలు, దీన్ని ఎలా ఆడిస్తారు, ఎవరు చేశారు. నా లేబుళ్లలో ఈ మూడింటికీ జవాబు లేదు. "దక్షిణ భారత ఛాయానాటక సంప్రదాయపు దృశ్యభాష" అంటూ మొదలయ్యే పొడవాటి పేరా మాత్రం ఉంది, హిందీలో, ఇంగ్లీషులో. అది కూడా నా కళ్ల ఎత్తులో, సన్నటి అక్షరాల్లో. బడిపిల్లలు మెడలు ఎత్తాలి, పెద్దవాళ్లు నడుం వంచి అద్దంలోకి ముఖం పెట్టాలి. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే ఈ బాధను ఫొటోలు తీసి మరీ చూపించాడు. ఒక మనిషిని పెట్టెల్లోని వస్తువులను చూడమని చెప్పి, అతను ఎక్కడెక్కడ వంగాల్సి వచ్చిందో, ఎక్కడ మోకాళ్ల మీద కూర్చోవాల్సి వచ్చిందో నమోదు చేశాడు. 'మ్యూజియం అలసట' అన్న మాట అప్పటినుంచే వాడుకలో ఉంది. మా చదువులో ఆ వ్యాసం మొదటి పాఠాల్లోనే వస్తుంది. నేను దాన్ని పరీక్షకు చదివాను. ఆ గదిలో కూర్చోవడానికి ఒక్క బెంచీ కూడా వేయలేదు.

బెంచీ, అక్షరాల సైజు, లేబుల్ ఎత్తు, ఇవన్నీ మార్చుకోగల సంగతులు. అసలు తప్పు ఇంకా లోతుగా ఉంది. అది సూరజ్‌కుండ్ మేళా సమయంలో బయటపడింది.

ఫరీదాబాద్ పక్కన ప్రతి ఫిబ్రవరిలో జరిగే ఆ మేళాకు మన దగ్గరనుంచి తోలుబొమ్మల కుటుంబాలు వస్తుంటాయి. ఇప్పుడు వాళ్ల బతుకుతెరువు ఎక్కువగా తోలుతో చేసే లాంప్‌షేడ్లు, గోడకు వేలాడదీసే బొమ్మలు. ఆట ఆడించే అవకాశాలు తగ్గిపోయాయి. ధర్మవరం మండలం నిమ్మలకుంట వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయనతో స్టాల్ దగ్గర మాటలు కలిశాయి. మాది కూడా ఆ పక్కేనని తెలిసి నన్ను "పాపా" అని పిలవడం మొదలుపెట్టాడు. నా గ్యాలరీ చూపిస్తానని గర్వంగా ఆయన్నీ, ఆయన కొడుకునీ కారులో తీసుకెళ్లాను.

ఆయన గది మధ్యలో నిలబడి చాలాసేపు చూశాడు. కోపం రాలేదు ఆయనకు. "దీపం ఎనకాల ఉండాల కదా పాపా. నీకు తెలీనిదా?" అన్నాడు. నేను లక్సుల సంగతి చెప్పబోయాను. ఆయన అప్పటికే రాముడూ రావణుడూ ఉన్న పెట్టె దగ్గరికి వెళ్లాడు. "వీళ్లిద్దర్నీ ఒకే అద్దంలో పెట్టినారే. మేం పెట్టెలో గూడా కలిపి పెట్టం." మంచి పాత్రలను ఒక కట్టగా, రాక్షసులను వేరే కట్టగా దాచడం వాళ్ల ఇంట్లో తాతల నాటి నియమం. ఆ తర్వాత ఆయన అటూ ఇటూ చూసి, "కేతిగాడు యాడ? బంగారక్క యాడ?" అన్నాడు.

వాళ్లిద్దరూ స్టోరులో ఉన్నారు. జుట్టు పోలిగాడు కూడా. వాళ్లను పక్కన పెట్టింది నేనే. దేవతల మధ్య ఆ హాస్యగాళ్ల బొమ్మలు మోటుగా అనిపించాయి. గది గంభీరత చెడుతుందనుకున్నాను. ఎంత పొరపాటు! తోలుబొమ్మలాటలో రాముడి కథ అందరికీ తెలిసిందే. జనం రాత్రంతా మేలుకుని కూర్చునేది ఎక్కువగా కేతిగాడి కోసం. ఊళ్లో పంట ఎలా ఉంది, ఏ ధర పెరిగింది, కరణం ఏం చేశాడు, అత్తాకోడళ్లు ఎలా ఉన్నారు, ఇవన్నీ అతని నోట వచ్చేవి. రామాయణం ఆగిపోయి ఊరు తన గురించి తాను మాట్లాడుకునే చోటు అది. కథకు వాళ్లు అక్కర్లేకపోవచ్చు, ఊరికి మాత్రం కావాలి. సమాజాన్ని చూపిస్తానని చెప్పిన గదిలోంచి సమాజాన్నే తీసి స్టోరులో పెట్టాను. మ్యూజియంలో ఏది పెట్టాలన్నది డిజైనర్ అభిరుచికి వదిలేస్తే ఇలాగే అవుతుందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

చివరగా లేబుల్ కింద ఏం రాశారని ఆయన అడిగాడు. చదివి వినిపించాను. చేసినవారు: తెలియదు.

"ఎవుర్ని అడిగినారు?"

ఎవర్నీ అడగలేదు. రిజిస్టరులో లేదు కాబట్టి తెలియదని రాశాను. ఆయన మాత్రం లక్ష్మణుడి బొమ్మ దగ్గర ఆగి, కంటి కొసన ఉన్న నెలవంక చిల్లును వేలితో చూపించి, ఇది మా చిన్నాయన చెయ్యి అన్నాడు. ఆ ఉలిని ఆ చిన్నాయన తానే సాన పట్టుకునేవాడట. ఇంకొన్ని బొమ్మలను చూసి ఇవి మావి కావు, కోస్తావి, కాకినాడ దగ్గర మాధవపట్నం వైపువి అయ్యుంటాయి అన్నాడు. నేను వాటన్నిటికీ ఒకే పేరు పెట్టాను. ఆయన, కొడుకు తమలో తాము మరాఠీ కలిసిన మాటలో మాట్లాడుకున్నారు. వాళ్ల పూర్వికులు మహారాష్ట్రనుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో ఆ మాట, తెర వెనక రంగనాథ రామాయణం ద్విపదలు. ఇంత చరిత్ర నా ముందు నిలబడి ఉండగా నా లేబుల్ మీద ఉన్నది ఒక 'దృశ్యభాష'.

గదిని మళ్లీ చేశాం. కొత్త ఖర్చుకు సంస్థ వెనకాడినప్పుడు నా ఫీజులో కొంత వదులుకున్నాను. అది త్యాగం కాదు, చెల్లించాల్సిన బాకీ. వెలుగు లెక్క చెబుతాను, ఈ పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. వెలుగు చేసే హాని దాని బలాన్నిబట్టే కాదు, ఎంతసేపు పడిందన్నదాన్నిబట్టి కూడా పోగవుతుంది. 50 లక్సులు రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు పడితే ఏడాదికి 1,20,000 లక్స్-గంటలు. అదే వెలుగు మనిషి బొమ్మ ముందు నిలబడినప్పుడే వెలిగి, వెళ్లగానే ఆరిపోతే, రోజుకు రెండు గంటలు వెలిగినా 30,000 మాత్రమే. అందుకని బొమ్మ వెనక పలచటి ఎల్ఈడీ పలక పెట్టి, వేడి తగలకుండా ఎడం వదిలి, దానికి సెన్సార్ బిగించాం. గది మొత్తం చీకటి చేశాం, అప్పుడు తక్కువ వెలుగే కంటికి చాలుతుంది. కొన్ని నెలలకోసారి బొమ్మలను మార్చి స్టోరులో విశ్రాంతి ఇస్తున్నాం. కన్సర్వేటర్ సంతోషంగా ఒప్పుకుంది. ఇదే మాట తనను మొదట్లోనే అడిగి ఉంటే అప్పుడే ఒప్పుకునేదాన్నని కూడా చెప్పింది.

రావణుడు తన పరివారంతో వేరే గోడకు మారాడు. కేతిగాడూ బంగారక్కా గుమ్మం పక్కనే ఉన్నారు, పిల్లల ఎత్తులో. ఒక మూల చిన్న తెర కట్టి, పెద్దాయన కుటుంబం చేత కొత్తగా చేయించిన బొమ్మలు పెట్టాం. ఎవరైనా పట్టుకుని ఆడించవచ్చు. చిరిగితే వాళ్లే బాగుచేసి పంపుతారు, అందుకు ఏటా కొంత సొమ్ము ఒప్పందంలోనే ఉంది. ఆదివారాలు గార్డు యువకుడే కేతిగాణ్ణి పట్టుకుని భోజ్‌పురిలో మాట్లాడిస్తాడు. ఉల్లిగడ్డ ధర, మెట్రో రద్దీ, ఇంటి అద్దె. ఢిల్లీ పిల్లలు నేలమీద కూర్చుని నవ్వుతారు. ఆ వినోదం తెలుగులో లేదని నేనెప్పుడూ బాధపడలేదు. కేతిగాడు ఏ ఊరికి పోతే ఆ ఊరి మాట మాట్లాడాల్సినవాడే.

ఇదంతా ఢిల్లీలో కొత్త సంగతి కాదు. నా కళ్లముందే పాఠం ఉంది. ప్రగతి మైదాన్ దగ్గర భైరోం మార్గ్‌లోని క్రాఫ్ట్స్ మ్యూజియానికి విద్యార్థినిగా ఉన్నప్పటినుంచీ వెళ్తున్నాను. 1972 ఆసియా ప్రదర్శనకోసం కట్టిన పల్లె ఇళ్లు అక్కడ మిగిలిపోయాయి. వాటి పక్కన చార్లెస్ కొరియా పెంకుల కప్పులతో, మట్టిరంగు గోడలతో, ఒకదానిలోంచి ఒకటి తెరుచుకునే వాకిళ్లతో మ్యూజియం కట్టాడు. బయటినుంచి చూస్తే భవనమే కనబడదు, ఒక వీధి కనబడుతుంది. గ్యాలరీల్లోకి వెళ్లకపోయినా ఆ వీధి వెంట నడిచి బయటికి రావచ్చు. నేను ఆ వాకిళ్ల కొలతలు నోటుబుక్కులో గీసుకున్నాను, నీడ ఎటు పడుతుందో రాసుకున్నాను. ఆ వాకిట్లో చాపేసుకుని పని చేస్తున్న కుమ్మరినీ, నేతగాణ్ణీ, అద్దకంవాణ్ణీ మాత్రం భవనానికి అలంకారంగా చూశాను. దేశం నలుమూలలనుంచి వంతులవారీగా పనివాళ్లను పిలిపించి, అక్కడే చేసి చూపించి, అక్కడే అమ్ముకునే ఏర్పాటు చేయడమే ఆ మ్యూజియం ప్రాణం. చాలా ఏళ్లు దానికి డైరెక్టరుగా ఉన్న జ్యోతీంద్ర జైన్, పల్లె కళాకారులను పేరుపేరునా పరిచయం చేయాలని పట్టుబట్టినవాడు. వాకిలి ఉన్నది వాళ్లు కూర్చోవడానికి అన్న సంగతి నాకు నిమ్మలకుంట పెద్దాయన వచ్చి వెళ్లాక గాని తలకెక్కలేదు.

అక్కడ జరిగిన ఒక నష్టం కూడా చెప్పాలి. మిథిల చిత్రకారిణి గంగాదేవి కేన్సర్‌తో పోరాడుతూ ఆ మ్యూజియంలో ఒక గది గోడల నిండా కోహ్‌బర్ ఘర్, అంటే కొత్త దంపతుల పెళ్లిగది, చిత్రించింది. ఆమె 1991లో పోయింది. 2015లో మరమ్మతుల సమయంలో ఆ గోడబొమ్మ పోయింది. పద్మశ్రీ పొందిన మనిషి పని, లోకానికంతా తెలిసిన పేరు. అలాంటి గోడే నిలవనప్పుడు, రిజిస్టరులో ఒక వరుసగా మిగిలిన నా బొమ్మల సంగతేమిటి?

షాదీపూర్ డిపో దగ్గరి కఠ్‌పుత్లీ కాలనీ గురించి తలచుకున్నప్పుడు నా మీద నాకు ఇంకా ఎక్కువ బాధ కలుగుతుంది. రాజస్థాన్‌నుంచి వచ్చిన బొమ్మలాటగాళ్లు, గారడీవాళ్లు, డోలు వాయించేవాళ్లు దశాబ్దాలుగా బతికిన చోటు. కొత్త ఫ్లాట్లు కట్టే పథకం పేరుతో 2017 అక్టోబర్ చివర్లో దాన్ని కూల్చేశారు. కొందరు ఆనంద్ పర్బత్ తాత్కాలిక శిబిరానికి, కొందరు దూరాన ఉన్న నరేలాకు చెదిరిపోయారు. ఆ రోజుల్లో బ్లూ లైన్ మెట్రోలో షాదీపూర్ మీదుగానే తిరిగేదాన్ని. బొమ్మలను గాజుపెట్టెల్లో భద్రపరచడం గురించి సెమినార్లలో మాట్లాడేదాన్ని. ఆటగాళ్ల ఇళ్లు కూలుతున్నప్పుడు మ్యూజియంవాళ్లం వెళ్లి కనీసం వాళ్ల తెరలు, పెట్టెలు, డోళ్లు ఎక్కడ దాచుకుంటారని అడగవచ్చు. మా గోడౌన్లలో చోటు ఇవ్వవచ్చు. నాకు తట్టలేదు. అది మ్యూజియం పని కాదనుకున్నాను.

అది మ్యూజియం పనేనని ఇప్పుడు అనుకుంటున్నాను. 2022 ఆగస్టులో ప్రాగ్‌లో అంతర్జాతీయ మ్యూజియం మండలి ఆమోదించిన నిర్వచనంలో అందరికీ అందుబాటు, సమూహాల భాగస్వామ్యం అన్న మాటలు చేరాయి. ఆ మాటలకు ఢిల్లీలో ఒక మంచి నమూనా ఉంది. జనపథ్ మీది నేషనల్ మ్యూజియం 1949 ఆగస్టు 15న ఇప్పటి రాష్ట్రపతి భవన్ దర్బారు హాల్లో మొదలై, 1960 డిసెంబర్‌లో తన సొంత భవనానికి వచ్చింది. అక్కడ మొహెంజొదారో నర్తకి ఉంది. పాఠ్యపుస్తకాల్లో పేజీ నిండా చూసిన ఆ కంచుబొమ్మ ఎత్తు నిజానికి 10.5 సెంటీమీటర్లు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కూడా దాన్ని దాటి వెళ్లిపోవడం చూశాను. అదే మ్యూజియంలో 2015లో 'అనుభవ్' పేరుతో చేత్తో తాకి చూసే గ్యాలరీ తెరిచారు. చూపు లేనివారికోసం ముఖ్యమైన వస్తువులకు ప్రతిరూపాలు, బ్రెయిలీ వివరణలు. ఒకసారి ఒక అమ్మాయి నర్తకి ప్రతిరూపం నడుం మీది చేతిని వేళ్లతో తడిమి, తానూ అలాగే చెయ్యి పెట్టుకుని నిలబడింది. కళ్లున్నవాళ్లం ఆ భంగిమను ఒంటితో అర్థం చేసుకోవడానికి ఎప్పుడైనా ప్రయత్నించామా?

ఇప్పుడు నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లలో యుగే యుగీన్ భారత్ పేరుతో అతిపెద్ద జాతీయ మ్యూజియం సిద్ధం కాబోతోంది. హెర్బర్ట్ బేకర్ ఆ గదులను అధికారులకోసం, ఫైళ్లకోసం కట్టాడు. పొడవాటి వరండాలు, ఎత్తైన తలుపులు, మామూలు మనిషి లోపలికి రావడానికి జంకే గుమ్మాలు. వాటిని సామాన్యుడి ఇల్లుగా మార్చడం మా వృత్తికి పెద్ద పరీక్ష. తెర వెనకనుంచి దీపం పెట్టగల చీకటి గది ఒకటి, పనివాళ్లు చాపేసుకునే వాకిలి ఒకటి, అడుగడుగునా బెంచీ, గార్డులతో ముందే మాట్లాడి రాసిన లేబుళ్లు అక్కడ ఉండాలని మనసారా కోరుకుంటున్నాను. ఎవరు అడిగినా ఈ సంగతులన్నీ ఉచితంగా చెబుతాను.

మా గ్యాలరీలో పెద్దాయన, ఆయన బంధువులు ఫొటోలు చూసి పోల్చిన బొమ్మలకు ఇప్పుడు పేర్లు, ఊళ్లు రాశాం. కొన్నిటికి "ఫలానావారి కుటుంబం చేసినదని ఆటగాళ్లు చెబుతున్నారు" అని రాశాం. అంతవరకే తెలిస్తే అంతవరకే రాయాలి. గుర్రం మీద కూర్చున్న ఒక కుర్రవాడు, లవుడో కుశుడో, ఇంకా ఎవరి చేతిదో తేలలేదు. ఆకుపచ్చ అంచు చీర కట్టిన సీత ఒకటి, సగం కాలిన తోకతో హనుమంతుడు ఒకటి కూడా. నెల్లూరు, పల్నాడు, కాకినాడ వైపు తోలుబొమ్మలాట కుటుంబాలవాళ్లు ఎవరైనా ఇది చదివితే, లేదా అలాంటివాళ్లు మీకు తెలిస్తే, పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి. ఆ మూడు బొమ్మల ఫొటోలు, వెనక దీపం పెట్టి తీసినవి, పంపుతాను.